ప్యాకింగు మార్చినా ఆయిలు కారుతుందేం?

ఇంజను ఆయిలు కారుతోందనగానే మనవాళ్ళు చెప్పే మొదటి మందు "ప్యాకింగు మార్చండి" అని. రెండో మందు "ఇంకో చుట్టు బిగించండి" అని. మొదటిది సగం పనిచేస్తుంది. రెండోది చాలాసార్లు జబ్బును ముదరబెడుతుంది. అది ఎందుకు ముదురుతుందో, ఏం చేస్తే కుదురుతుందో మన విద్యార్థి మిత్రులకు చెబుదామని ఈ వ్యాసం. సంఘం కార్యదర్శి నన్ను అడిగింది "మెకానికల్ కానివాళ్ళకు కూడా అర్థమయ్యేది రాయండి సార్" అని. కావున లెక్కలు ఒక్క పేరాకు మించి లేవు. అవి అక్కర్లేనివారు ఆ పేరా దాటేసి పోవచ్చును, నేనేమీ అనుకోను.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. పుస్తకాల్లో గాస్కెట్ అని ఉన్నదాన్ని షెడ్డులో ప్యాకింగు అంటారు. ఇంజను అడుగున ఆయిలు నిలవుండే రేకు పళ్ళేన్ని మనం సంప్ అంటే వాళ్ళు ఛాంబరు అంటారు. ఇంజను నెత్తిమీద ఉండే రాకర్ కవర్‌ను వాళ్ళు టాపెట్ కవర్ అంటారు. చిక్కేమిటంటే, మనం మాట్లాడుకోబోయే ఇంజనుకు అసలు టాపెట్ల తలుపులు పక్కన వేరే ఉన్నాయి! నేనిక్కడ పుస్తకం మాటలే వాడతాను. కొట్టుకు వెళ్ళినప్పుడు మాత్రం పాత ముక్క చేత్తో పట్టుకెళ్ళి చూపించడమే మేలు.

ఉదాహరణగా తీసుకున్న బండి 1968 నాటి అంబాసిడర్ మార్క్ టూ. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారే కొద్ది మార్పులతో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1958 నుంచి అంబాసిడర్ పేరుతో తయారయింది. 2014లో ఆ ఉత్పత్తి ఆగిపోయింది. తొలి బండ్లలో సైడ్ వాల్వ్ ఇంజను ఉండేది. కొద్దికాలానికే దాని స్థానంలో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను వచ్చింది. నాలుగు సిలిండర్లు, బోరు సుమారు 73, స్ట్రోకు సుమారు 89 మిల్లీమీటర్లు, మొత్తం 1489 సి.సి. మన జిల్లాల్లో కలెక్టర్లూ, పెళ్ళికొడుకులూ, టాక్సీ బేరం చేసుకుని తిరుపతి వెళ్ళిన కుటుంబాలూ ఎక్కిన ఇంజను ఇదే. గట్టిది, మొండిది, ఎవరు ముట్టుకున్నా పలుకుతుంది. ఆయిలు మాత్రం కారుతుంది.

అంబాసిడర్ వింటేజ్ కారేమిటండీ అని ఎవరైనా అడగవచ్చు. ఇంగ్లండు వాళ్ళ లెక్కలో కాదు. అక్కడ 1919 నుంచి 1930 దాకా తయారైనవాటికే ఆ పేరు. మనదేశంలో 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటిన కార్లను, మోటారు సైకిళ్ళను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చునంది. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తరువాత "వి.ఎ." అని వస్తుంది. అలా నమోదైన బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. అన్నిటికంటే ముఖ్యం, బండి అసలు రూపంలోనే ఉండాలి. చాసీనో, బాడీనో, ఇంజనునో మార్పులు చేసి ఉండకూడదు. ఈ షరతే మన కథకు ప్రాణం.

బండి యజమాని ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు. ఏడాదిన్నరలో ఆయన మూడుసార్లు ప్యాకింగులు మార్పించారు. మూడుసార్లూ కారింది. పైగా మూడోసారి మొదటిసారికంటే ఎక్కువ కారింది. చివరకు ఆ షెడ్డువాళ్ళు "దీని పని అయిపోయింది మాస్టారూ, డీజిలు ఇంజను ఎక్కించేయండి, లేదంటే తూకానికి ఇచ్చేయండి" అన్నారట. ఇంజను మారిస్తే వింటేజ్ నమోదు పోతుంది. తూకానికి ఇస్తే బండే పోతుంది. ఆయన మా వర్క్‌షాపుకు వచ్చి, "కారే ఇంజనంటే చచ్చిన ఇంజనేనా? ఆ ఒక్క ముక్కా చెప్పండి, తరువాత మీరేం చేయమంటే అది చేస్తాను" అన్నారు. ఫైనలియర్ వాళ్ళు ఆరుగురు దాన్ని ప్రాజెక్టుగా తీసుకున్నారు. నేను పక్కన నిలబడ్డాను.

ఇక పాఠం. ఇంజనులో ఆయిలు రెండు అవస్థల్లో ఉంటుంది. పంపు తోస్తుంటే సన్నని దారుల్లో పరుగెత్తి బేరింగులకు చేరే ఆయిలు ఒకటి. దీనికి ఒత్తిడి ఉంది, చదరపు అంగుళానికి యాభై పౌండ్ల దాకా ఉండవచ్చు. బేరింగుల్లోంచి బయటపడి, చిందుతూ, జారుతూ సంప్‌లోకి తిరిగిపోయే ఆయిలు రెండోది. దీనికి ఒత్తిడంటూ లేదు. రాకర్ కవర్, పక్కనున్న రెండు టాపెట్ తలుపులు, ముందరి టైమింగ్ కవర్, అడుగునున్న సంప్, ఇవన్నీ కాపలా కాసేది ఈ రెండో రకం ఆయిలునే. అంటే ఇవి ప్రెషర్ కుక్కరు మూతలు కావు, ఊరగాయ జాడీ మూతలు. జాడీ మూతను ఎవరైనా రించి పెట్టి బిగిస్తారా? మరి ఇక్కడ ఎందుకు బిగిస్తున్నాం?

బిగించడానికి ముందు ఎక్కడ కారుతోందో చూడాలి. ఇది చెప్పినంత సులువు కాదు. ఆయిలుకు రెండు అలవాట్లున్నాయి. నిలబడితే కిందికి జారుతుంది, బండి పోతుంటే గాలికి వెనక్కి పాకుతుంది. అందుచేత నెత్తిమీద పుట్టిన లీకు కూడా ఇంజను వెనకాల, అడుగున బొట్టుగా కనబడుతుంది. చూసినవాడు వెంటనే సంప్‌నో, క్రాంకు వెనక బేరింగునో నిందిస్తాడు. మావాళ్ళు ఇంజనంతా కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు చల్లారు. కింద పాత న్యూసు పేపర్లు పరిచారు. పావుగంట నడిపి ఆపితే తెల్లటి పౌడరు మీద తడి గీతలు స్పష్టంగా తేలాయి. రాకర్ కవర్ వెనక మూల, వెనక టాపెట్ తలుపు కింది అంచు, సంప్ అంచున బోల్టుకూ బోల్టుకూ మధ్య, ఆపైన క్లచ్చి ఉండే బెల్ హౌసింగు అడుగున. నిమిషానికి ఆరు బొట్లు లెక్కపెట్టారు. ఇరవై బొట్లు ఒక మిల్లీలీటరు అనుకుంటే గంటకు 18 మిల్లీలీటర్లు, యాభై గంటల ప్రయాణానికి దాదాపు లీటరు. మొత్తం ఇంజను పట్టేది నాలుగు లీటర్ల సుమారు. డిప్‌స్టిక్కు చూసుకోని మనిషి చేతిలో ఇది బేరింగుల ప్రాణం తీసే సంగతే.

ఇక్కడ ఒక కుర్రాడు మంచి ప్రశ్న వేశాడు. "ఒత్తిడి లేని ఆయిలన్నారు కదా సార్, ఇన్ని చోట్ల ఒకేసారి ఎలా తోసుకొస్తోంది?" నాలుగు మూతలూ ఒకేసారి చెడిపోవడం అరుదు. నాలుగూ కారుతున్నాయంటే లోపలి నుంచి ఏదో తోస్తున్నట్టే.

తోసేది గాలి. పిస్టను రింగులు ఎంత బాగున్నా మండిన గ్యాసు కొంత వాటి పక్కగా జారి కింద క్రాంక్ కేసులోకి వస్తుంది. అది బయటికి పోవడానికి ఇంజనుకు ముక్కులాంటి దారులున్నాయి. ఈ ఇంజనులో ముందు టాపెట్ తలుపు నుంచి ఒక గొట్టం కిందికి దిగుతుంది, రాకర్ కవర్ నుంచి ఇంకొక సన్న గొట్టం ఎయిర్ క్లీనర్‌కు పోతుంది. ముక్కు మూస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? దాన్ని కొలుద్దామన్నాను. మేస్త్రీలు గోడ లెవెలు చూసుకునే పారదర్శకం ప్లాస్టిక్ గొట్టం ఒకటి తెచ్చి, యు ఆకారంలో వంచి బల్లకు కట్టి, రంగునీళ్ళు పోసి, ఒక కొసను డిప్‌స్టిక్కు కన్నానికి గాలి పోకుండా బిగించారు. ఇంజను నడుస్తుంటే రెండు వైపుల నీళ్ళకూ మూడంగుళాలు పైగా తేడా వచ్చింది. యాక్సిలరేటరు నొక్కితే ఇంకా పెరిగింది. అంటే సంప్ అంచున ఉన్న ప్రతి సందు వెనకాలా మూడంగుళాల ఎత్తు నీళ్ళ బరువు ఇరవై నాలుగు గంటలూ కాకపోయినా ఇంజను నడిచినంతసేపూ తోస్తూనే ఉందన్నమాట. ఏ ప్యాకింగు నిలుస్తుంది?

గొట్టాలు విప్పి చూశారు. టాపెట్ తలుపు గొట్టం నిండా తారులాంటి మడ్డి. రాకర్ కవర్ గొట్టం అసలు లేనేలేదు. ఆయిలు ఆవిరి ఎయిర్ క్లీనర్‌ను పాడుచేస్తోందని ఎవరో పుణ్యాత్ములు ఎప్పుడో దాన్ని పీకేసి, ఆ మూతికి ఒక సీసా బిరడా కొట్టేశారు. బిరడా కూడా కార్కే కదా! ఇంజనులో పనిచేయవలసిన కార్కులన్నీ కారుతుంటే, ఉండకూడని కార్కు ఒక్కటే బహు శ్రద్ధగా పని చేస్తోంది. మడ్డి కడిగి, బిరడా తీసి, కొత్త రబ్బరు గొట్టం వేసి మళ్ళీ కొలిస్తే తేడా అర అంగుళం లోపుకు దిగింది. ఒక్క ప్యాకింగూ మార్చకుండానే బొట్లు నిమిషానికి ఆరు నుంచి రెండుకు తగ్గాయి. నాలుగు సిలిండర్ల కంప్రెషనూ చూశాం, దగ్గర దగ్గరగానే ఉంది. రింగులు పూర్తిగా అరిగిపోయి ఉంటే గనుక గొట్టాలు కడిగినా ఈ ఫలితం వచ్చేది కాదు, ముందు రింగుల పని చూసుకోవలసి వచ్చేది. మాస్టారి ప్రశ్నకు సగం సమాధానం ఆరోజే దొరికింది. ఇంజను చావలేదు, ఊపిరాడక ఉంది.

మిగిలిన రెండు బొట్లకు ప్యాకింగులే దిక్కు. క్లచ్చి ప్లేటు మీద కూడా ఆయిలు పడి జారుతోంది కనుక ఎలాగూ ఇంజను దింపాల్సి వచ్చింది. దింపి తలకిందులుగా స్టాండుకు కట్టాం. ఇంజను బయట ఉంటే సంప్ పని హాయిగా ఉంటుంది.

రాకర్ కవర్‌కూ, టాపెట్ తలుపులకూ, సంప్ రెండు కొసలకూ వేసేది కార్కు ప్యాకింగు. కార్కు అనేది పోర్చుగల్ వైపు పెరిగే ఒక జాతి ఓక్ చెట్టు బెరడు. 1665లో రాబర్ట్ హుక్ దీన్నే పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూసి, అందులోని గదులకు "సెల్" అని పేరు పెట్టాడు. జీవశాస్త్రం వాళ్ళకు ఆ మాట అక్కడినుంచే వచ్చింది. మనకు స్ప్రింగుల సూత్రం ఇచ్చిన హుక్ కూడా ఆయనే. గాస్కెట్ జాయింటులో హుక్ గారు రెండు చోట్లా ఉన్నారు. సాగే బోల్టు ఒక స్ప్రింగు, నలిగే కార్కు ఇంకొక స్ప్రింగు. కార్కు గదుల్లో గాలి ఉంది. అందుకని దాన్ని నొక్కితే లోలోపలే కుంచించుకుంటుంది, పక్కలకు దాదాపు ఉబ్బదు. అంటే పాయిసన్ నిష్పత్తి సున్నాకు దగ్గర. రబ్బరు అలా కాదు, దాన్ని నొక్కినంతా పక్కకు పొంగుతుంది. ఆయిలు తడి ఉన్న రేకు మధ్య రబ్బరును అతిగా నొక్కితే జారి బయటికే వచ్చేస్తుంది. కార్కు అలా జారిపోదు గాని దానికీ ఓ హద్దుంది. హద్దు దాటి నలిపితే గదుల గోడలు విరిగిపోతాయి. విరిగిన కార్కు మళ్ళీ లేవదు. వేడికి రేకు కొంచెం కదిలినప్పుడు వెంటాడి పట్టుకునే గుణం పోతుంది. అది ఇక స్ప్రింగు కాదు, పొడి.

ఇంకొక చిక్కు మన ఎండలది. రెంటచింతల ఎండలో నాలుగేళ్ళు కొట్టు గోడకు వేలాడిన కార్కు ప్యాకింగు ఎండి కుదించుకుపోతుంది. తీరా పెట్టబోతే కన్నాలు కలవవు. "నంబరు తప్పు ఇచ్చాడు" అని కొట్టువాడితో పోట్లాడే ముందు దాన్ని కొన్ని గంటలు నీళ్ళలో నానేసి చూడండి. చాలావరకు మళ్ళీ తన కొలతకు వస్తుంది. వంగితే పెళుక్కుమనేదాన్ని మాత్రం నానబెట్టినా లాభం లేదు.

ఇప్పుడు ఆ లెక్కల పేరా. బోల్టును తిప్పే బలానికీ, అది లోపల పుట్టించే బిగింపుకూ మనం చదివే సూత్రం ఒకటుంది. తిప్పుడు బలాన్ని బోల్టు వ్యాసంతోనూ, 0.2తోనూ భాగిస్తే బిగింపు వస్తుంది. ఆ 0.2 మరల రాపిడికి గుర్తు. ఈ బి-సిరీస్ కుటుంబంలోనే తరువాతిదైన ఎం.జి.బి. కారు ఇంజనుకు సంప్ బోల్టులు 6 పౌండు-అడుగులు, రాకర్ కవర్ నట్లు 4, టాపెట్ తలుపులకు 2 మాత్రమే బిగించమని మాన్యువల్ చెబుతుంది. పావు అంగుళం బోల్టును 6 పౌండు-అడుగులకు బిగిస్తే, సూత్రం ప్రకారం దాదాపు 650 కిలోల బిగింపు. ఒక్క బోల్టుకు! అలాంటివి సంప్ చుట్టూ డజనుకు పైగా ఉన్నాయి. ఇప్పుడు మన వస్తాదు పది అంగుళాల పానా కొసను పట్టుకుని పది కిలోల బలంతో లాగాడనుకోండి. అది 18 పౌండు-అడుగులు, అనగా మూడు రెట్లు. కాగితం మీద బిగింపు రెండు టన్నుల దగ్గర తేలుతుంది. మామూలు పావు అంగుళం బోల్టు అంత మోయలేదు. ఆలోపే మర చెడుతుంది, లేదా బోల్టు సాగుతుంది. అంతకంటే ముందే వంగేది ఒకటుంది. అది సంప్ రేకు.

మాస్టారి బండికి జరిగింది అక్షరాలా ఇదే. సంప్ విప్పి కడిగి, మెట్రాలజీ లాబులోంచి మందపాటి అద్దం పలక తెచ్చి దాని మీద అంచు ఆనించి పెట్టారు. ప్రతి బోల్టు కన్నం చుట్టూ రేకు పైకి ఉబ్బి ఉంది, కన్నానికీ కన్నానికీ మధ్య అద్దానికి ఆనలేదు. ఫీలర్ గేజి పెడితే కొన్ని చోట్ల అర మిల్లీమీటరు పైగా సందు. బిగించినకొద్దీ బోల్టు దగ్గర రేకు ఇంజను వైపు గుంజుకుపోయి, మధ్యలో విల్లులా వంగి దూరం జరిగింది. ఆయిలు వస్తోంది సరిగ్గా ఆ మధ్యలోంచే. కారుతోందని మళ్ళీ బిగించారు, ఇంకా వంగింది. మూడోసారి ఎక్కువ కారడానికి కారణం బోధపడింది కదా! ప్యాకింగు కొత్తదే, రేకే పాతది.

దీని వైద్యానికి ఖర్చు లేదు. చదునైన ఉక్కు దిమ్మ మీద అంచు ఆనించి, ఉబ్బిన చోట గుండుసుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ, మధ్యమధ్య అద్దం మీద పెట్టి చూస్తూ పోవడమే. కంసాలి పని లాంటిది, తొందరపడితే రేకు సాగి అలలు తేలుతుంది. ఇద్దరు కుర్రాళ్ళు ఒక పూటంతా కూర్చుని సందును కాగితం మందానికి తెచ్చారు. రాకర్ కవర్ అంచుదీ ఇదే తంతు. దానికున్నవి రెండు నట్లే. వాటి కింద ఉండవలసిన రబ్బరు బుషులు గట్టిపడిపోతే మనిషి ఆయిలు ఆపుదామని నట్లను నలుపుతాడు, కవర్ నడుం వంగుతుంది. ఆ రెండు బుషులు మారిస్తే సగం పోరు తీరుతుంది.

టాపెట్ తలుపుల దగ్గర ఒక హెచ్చరిక చెప్పాలి. ఇవి ఇంజను ఎడమ పక్కన, మానిఫోల్డు చాటున ఉంటాయి. వాటిని చేరాలంటే మానిఫోల్డు విప్పాలి. పాత మానిఫోల్డు ప్యాకింగులోనూ, పాత హెడ్డు ప్యాకింగులోనూ ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాన్ని పొడిగా గీకకండి, వైరు బ్రష్ పెట్టి రుద్దకండి, గాలి కొట్టకండి. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళ తరువాత క్యాన్సరుగా తేలవచ్చు. నీళ్ళతో బాగా తడిపి, తడిగానే మెల్లగా ఊడదీసి, ముక్కుకు సరైన మాస్కు కట్టుకుని, ముక్కలను సంచిలో మూటకట్టి పారేయాలి. మా తరం దీన్ని నోటితో ఊది శుభ్రం చేసింది. మీకా అవసరం లేదు. కొత్తవి ఆస్‌బెస్టాస్ లేనివి దొరుకుతున్నాయి.

ఇనుప దిమ్మ ముఖం మీద అంటుకున్న పాత కార్కును ఇత్తడి బద్దతో గాని చెక్క బద్దతో గాని గీకాలి. ఉక్కు బ్లేడుతో పడిన ఒక్క అడ్డగీత చాలు, ఆయిలుకు కాలవ తవ్వినట్టే. బోల్టు కన్నాల్లో నిలిచిన ఆయిలును కూడా గుడ్డతో పీల్చేయాలి. అడుగు మూసి ఉన్న కన్నంలో ఆయిలు ఉంటే బోల్టు బిగిసినట్టు చేతికి తెలుస్తుంది గాని నిజానికి అది ఆయిలును నొక్కుతూ ఉంటుంది.

ఇక కూర్పు. కార్కు ప్యాకింగును రేకు వైపు మాత్రమే అతికిస్తాం, ఇనుము వైపు సన్నగా గ్రీజు రాస్తాం. అలా చేస్తే మళ్ళీ విప్పినప్పుడు ప్యాకింగు చిరగదు. అతికించడానికి పాతకాలం నుంచీ వాడేది షెల్లాక్. చాలామంది ఇదేదో విదేశీ సరుకనుకుంటారు గాని అది అచ్చంగా మన లక్క, చెట్టుకొమ్మల మీద లక్కపురుగు పెట్టేది, స్పిరిటులో కరిగించినది. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపు తెచ్చేదీ లక్కే. ఇప్పుడు ట్యూబుల్లో సిలికాన్ వస్తోంది, మంచిదే. కాని మనవాళ్ళ చేయి పెద్దది. కేకు మీద క్రీము పెట్టినట్టు పెడతారు. బయటికి పొంగినంత లోపలికి కూడా పొంగుతుంది కదా! ఆ లోపలి పోగులు తెగి ఆయిల్లో పడి పంపు జల్లెడకు అడ్డం పడితే, చుక్క ఆయిలు మిగుల్చుకోబోయి బేరింగులన్నీ పోగొట్టుకున్న వాళ్ళమవుతాం. అగ్గిపుల్ల మందం గీత చాలు, అదీ మూలల్లోనే.

సంప్‌కు పక్కలవి రెండు ముక్కలు, ముందూ వెనకా మెయిన్ బేరింగు క్యాపుల గాడిలో కూర్చునేవి రెండు కార్కు బద్దలు. లీకు ఎప్పుడూ ఈ నాలుగూ కలిసే మూలల్లోనే. బద్ద కొసలు గాడిలోంచి కొద్దిగా, ఒకటిన్నర మిల్లీమీటరు సుమారు, పైకి పొడుచుకుని ఉండేలా కత్తిరించాలి. సంప్ దిగినప్పుడు అవి నలిగి మూలను నింపుతాయి. అందంగా సమానంగా కోసేశారంటే మూలలో సందు ఉండిపోతుంది. ఇక్కడ చక్కదనం పనికిరాదు. వెనక క్యాపు విప్పవలసి వస్తే, అది దిమ్మకు ఆనే అడ్డముఖాలకు పలచగా సీలెంటు పూసి కూర్చోబెట్టాలి. ఆ జాయింటులో ప్యాకింగు అంటూ ఏదీ ఉండదు.

బోల్టులన్నీ ముందు వేళ్ళతో పట్టించాలి. తరువాత మధ్యలోంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి చొప్పున, ఒక్కొక్కదానికి పావు చుట్టు చొప్పున మూడు నాలుగు విడతల్లో బిగించాలి. చిన్న టార్కు రించి ఉంటే 6కు పెట్టండి. లేకపోతే పొట్టి పానా తీసుకుని, బోల్టు తలకు దగ్గరగా రెండు వేళ్ళతో పట్టుకుని, వేళ్ళకు బరువు తెలిసిన చోట ఆపండి. ఆపడమే కష్టం. మావాళ్ళల్లో ఒకమ్మాయి టార్కు రించితో తన చేతిని తనే పరీక్షించుకుని, పది బోల్టుల్లో ఎనిమిది 5కూ 7కూ మధ్య పడేదాకా విడిచిపెట్టలేదు.

టైమింగ్ కవర్‌ది చిన్న పని. క్రాంకు కొస దాని మధ్యలోంచి బయటికి వస్తుంది, చుట్టూ ఫెల్టు రింగో, రబ్బరు సీలో ఉంటుంది. కవర్‌ను ముందే బిగించి తరువాత పుల్లీ దూర్చితే సీలు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంటుంది. కవర్ బోల్టులు వదులుగా ఉంచి, పుల్లీ తొడిగి, సీలు దాని మీద తనంతట తాను నడిమికి వచ్చాక బిగించాలి. లోపల క్రాంకు మీద ఉండే ఆయిలు విసిరే పళ్ళేన్ని మరిచిపోకూడదు. దాని పల్లం వైపు ఇంజనుకు ఎదురుగా కాక బయటివైపు ఉండాలి. ఈ కవర్‌కు వేసేది కాగితం ప్యాకింగు. దొరక్కపోతే చేసుకోవచ్చు. ప్యాకింగు కాగితం ముఖం మీద పరిచి, అంచు వెంట చిన్న సుత్తితో తడుతూ పోతే ఇనుము అంచే కత్తెరలా కోసేస్తుంది. ఆటోనగర్లలో పెద్ద మేస్త్రీలు పెళ్ళి శుభలేఖల అట్టతో కూడా ఈ పని కానిచ్చేస్తారు. చేతి పనితనానికి దండం పెడతాను గాని ఆ అట్ట ఆయిల్లో నాని చివుకుతుంది. డ్రెయిన్ ప్లగ్గు కింది రాగి వాషరును మాత్రం పారేయనక్కర్లేదు. స్టవ్వు మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్ళలో ముంచితే మళ్ళీ మెత్తబడుతుంది.

ఇంజను ఎక్కించి, వేడెక్కేదాకా నడిపి, చల్లారాక బోల్టులు ఒక్కసారి చేయి పెట్టి చూశారు. కార్కు మొదటి వేడికి కొంచెం సర్దుకుంటుంది కనుక ఆ ఒక్కసారి పరవాలేదు. రెండోసారి ముట్టుకోవద్దని మాస్టారికి గట్టిగా చెప్పాం. పౌడరు చల్లి మళ్ళీ పావుగంట నడిపితే రాకర్ కవర్, తలుపులు, సంప్ అంచు అన్నీ తెల్లగానే ఉన్నాయి.

నెల తిరక్కుండా మాస్టారు మళ్ళీ వచ్చారు. "అంతా బాగుంది గాని బెల్ హౌసింగు కింద మాత్రం బండి ఆపినప్పుడు రెండు మూడు బొట్లు పడుతున్నాయండీ. మళ్ళీ ప్యాకింగు పోయిందా?" అన్నారు. పోవడానికి అక్కడ ప్యాకింగే లేదు. ఈ మూడు బేరింగుల ఇంజనులో క్రాంకు వెనక కొసకు రబ్బరు సీలు పెట్టలేదు. క్రాంకు మీదే మరలాంటి గాడి ఒకటి కోశారు. క్రాంకు తిరుగుతున్నప్పుడు ఆ మర ఆయిలును వెనక్కి, ఇంజను లోపలికి నెడుతుంది. ఆగినప్పుడు నెట్టేవాడు లేడు కనుక గాడిలో మిగిలిన నాలుగు చుక్కలు బయటికి జారతాయి. ఇదే కుటుంబంలో 1964లో వచ్చిన అయిదు బేరింగుల ఇంజనుకు రబ్బరు సీలు పెట్టారు. మన అంబాసిడర్‌కు ఆ భాగ్యం లేదు. లోపలి ఒత్తిడి తగ్గించి ఉంచడమే దానికి చేయగలిగిన సేవ. బెల్ హౌసింగు అడుగున ఒక చిన్న కన్నం, అందులో వేలాడే ఒక స్ప్లిట్ పిన్ను ఉంటాయి. పిన్ను వణుకుతూ కన్నాన్ని మడ్డితో పూడకుండా చూస్తుంది, ఆ బొట్లు క్లచ్చి మీదికి పోకుండా బయటపడతాయి. కొందరు ఆ కన్నమే లీకనుకుని ఎంసీల్‌తో మూసేస్తారు.

"అయితే ఆ రెండు బొట్లూ ఉండాల్సినవేనా?" అన్నారు మాస్టారు.

"ఉండాల్సినవే. అవి రోజుకు పది దాటితే ముందు బ్రీదరు గొట్టం విప్పి చూడండి, తరువాత నాకు ఫోను చేయండి" అన్నాను. ఆయన కారు కింద పెట్టుకోవడానికి మా షెడ్డులోంచి ఒక పాత రేకు పళ్ళెం అడిగి తీసుకెళ్ళారు. వింటేజ్ నమోదుకు పెట్టిన దరఖాస్తులో ఇంజను నంబరు 1968 నాటి పుస్తకంలో ఉన్న నంబరే.